చెంచాడు తోడు

61

ఈ నోటు పుస్తకం సర్కారు దస్త్రం కాదు. ఆ దస్త్రం మందుల గది గోడలో ఉంది. రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి నేను దాని ముందు నిలబడి ఏ మందు ఎవరికి ఎంత ఇచ్చానో చెప్తాను. అది విని ఒడ్డుకు పంపేస్తుంది. పంపిన మాటను వెనక్కి తీసుకోవడం దానికీ చేతకాదు, నాకూ చేతకాదు. అందుకని దానికి చెప్పకూడనివి భోజనాలయ్యాక ఇందులో రాసుకుంటాను.

పైన వేసిన అంకె గోస్తని విడుదలకి మిగిలిన రోజులు. ఆఖరి వంద రోజుల్లో పడ్డవాళ్ళు మందుల గది తలుపు మీద సుద్దముక్కతో తమ అంకె రాసుకోవడం మా జైలు ఆనవాయితీ. ఇవాళ పొద్దున్నే వచ్చి నిన్నటిది చెరిపి, కొత్తది రాసి, "అరవయ్యొకటి, అప్పా" అని చెప్పి వెళ్ళింది. ఈ జైల్లో నన్ను అప్పా అని, అక్కలా పిలిచేది ఆ పిల్ల ఒక్కతే. మిగతావాళ్ళకు నేను కంపౌండరమ్మని. నా వెనకాల ఇంకేం పేర్లున్నాయో నాకు తెలుసు, రాయను.

ఇవాళ ఒక తప్పు చేశాను. చిన్నదే.

మాది నీళ్ళ మీద తేలే జైలు. రెండొందల పన్నెండు మంది ఆడవాళ్ళు మోకులకు నాచు పెంచి, కోసి, ఎండబెట్టి ఒడ్డుకు పంపుతారు. మొన్నటి కెరటానికి జైలు ఒక పక్కకు ఒరిగి వంటశాలలో తరవాణి కుండ బద్దలైంది. ఆ కుండ ఆరేళ్ళుగా ఖాళీ కాలేదు. ఏ రోజు గంజి ఆ రోజు పోయడం, పులిసింది తాగడం, అడుగున కాస్త తోడు మిగల్చడం. దాన్ని కనిపెట్టుకున్నది గున్నమ్మ. అరవై ఏళ్ళ మనిషి, యావజ్జీవం. పొద్దున్న మందుల గది గడపలో కూర్చుని కదల్లేదు.

"కొత్త కుండలో గంజి పోసినాను కంపోండరమ్మా. పులవడం లేదు, కుళ్ళిపోతంది. నీ బానలో పులుపున్నాది గదా. సెంచాడు తోడియ్యి."

"అది మందు పులుపు గున్నమ్మా, అన్నంలోకి కాదు."

"మందుకయినా కూడుకయినా పులుపు పులుపే. ఆ ఆడగుంటలు పొద్దున్నే మోకుల్లోకి దిగాల. కడుపులో సల్లగా ఏటీ లేకపోతే ఎలాగ దిగుతారు?"

ఇదివరకు మందులు పడవల మీద వచ్చేవి. దారిలో దోచుకుంటున్నారని జైళ్ళ శాఖవారు ఏడేళ్ళ కిందట అది మానేసి జైలుకొక బాన పంపారు. అందులో ఒక పులుపు బతుకుతూ ఉంటుంది. శాఖవారి మేత పొడి వేస్తే అది మత్తు అలవాటును దించే చుక్కలు తయారుచేస్తుంది. మత్తు పొడికి అలవాటు పడి వచ్చినవాళ్ళకు ఆ చుక్కలు మొదట ఎక్కువ, తర్వాత తక్కువ, ఆఖరికి సున్నా. చుక్కలూ మత్తే, కాకపోతే కొలత తెలిసిన మత్తు. మేత లేకపోతే ఆ పులుపు ఇంట్లో పిండి పులిసే పులుపు లాంటిదేనని శిక్షణలో బల్లగుద్ది చెప్పారు. బానలోంచి ఏదీ గది దాటకూడదని, మిగిలింది కాల్చే పొయ్యిలో వేయాలని కూడా చెప్పారు. నేను మొదటి మాట పట్టుకుని రెండోది వదిలేశాను.

చెంచాడు ఇచ్చాను. దస్త్రానికి చెప్పలేదు.

49

కొత్త కుండ పులిసింది. పాతదాన్ని తలదన్నేలా ఉంది. బియ్యం కోత పడినప్పటి నుంచి గున్నమ్మ గంజిలో నాచు కూడా ఉడికించి కలుపుతోంది, అందువల్ల ఆ చిక్కదనం అనుకుంటాను. రెండో గ్లాసు కోసం వరస కడుతున్నారు. నేనూ పొద్దున్నే రెండు గ్లాసులు తాగి గాని మందుల గది తెరవడం లేదు.

జైలు చల్లబడింది. పదిరోజులుగా ఒక్క కొట్లాట లేదు. నిద్ర పట్టడం లేదంటూ నా ప్రాణం తీసేవాళ్ళు ఇటు రావడమే మానేశారు. పన్నెండేళ్ళుగా నన్ను కుంటించిన మోకాలు కూడా నొప్పి మరిచిపోయింది. కొత్త నూనె పనిచేసిందని చెల్లెలికి గొప్పగా కబురు పెట్టాను.

సూపరింటెండెంటు విమలాదేవి గారి ఆనందం చూడాలి. మా గుమ్మం వాసన పట్టే గుమ్మం. పడవ దిగిన ప్రతి మనిషినీ సామానునూ మూడుసార్లు మూచూసి గాని వదలదు. గుమ్మానికి ఏమీ దొరకడం లేదు, లోపల ఎవరూ అరవడం లేదు. మా జైలుకు 'మత్తు లేని జైలు' బిరుదు ఇవ్వడానికి ఒడ్డు నుంచి కమిటీ వస్తుందట. ఫలకం ఎక్కడ పెట్టాలో ఇప్పటి నుంచే గోడలు కొలిపిస్తున్నారు.

ఇవాళ చెల్లాయమ్మ విడుదలైంది. నాలుగేళ్ళుగా పొడి ముట్టని మనిషి. అందరి దగ్గరా సెలవు తీసుకుని, పడవ ఎక్కబోతూ మళ్ళీ వంటశాలకు పరిగెత్తి ఇంకో గ్లాసు తరవాణి తాగి వెళ్ళింది. "ఇంత రుసి నాకు బయట దొరకదు" అందట. అందరం నవ్వుకున్నాం.

40

కమిటీకి చూపించడానికని విమలాదేవి గారు కొత్త పరీక్ష పట్టీలు తెప్పించారు. పాతవి బయటి పొడుల్ని మాత్రమే పట్టేవి. కొత్తవి దించే చుక్కల్ని కూడా పడతాయి. చీటీలు తీసి ముప్పై మంది చెమట పరీక్షించాం. పంతొమ్మిది మందిలో దించే చుక్కలు కనిపించాయి.

ఇప్పుడు నా దగ్గర చుక్కలు తీసుకునేవాళ్ళు నలుగురే. ఆ నలుగురిలో ఒక్కరి చీటీ కూడా రాలేదు. బాన కొలత చూశాను, చుక్క తేడా లేదు. అంటే సరుకు బయటి నుంచి వస్తోందన్నమాట. నా గది మీదికి రానందుకు ముందు నా గుండె కుదుటపడింది. ఆ మాట దాచను.

పంతొమ్మిది పేర్లలో గోస్తనిది ఏడోది.

39

గోస్తని గురించి రాయాలి. ఇరవై ఎనిమిదేళ్ళు. మునిగిపోయిన ఏటి పేరు పెట్టారు. రెండున్నరేళ్ళ కిందట పొడి అమ్ముతూ, తింటూ పట్టుబడి వచ్చింది. వచ్చిన రోజు దాని పళ్ళు టకటకలాడుతుంటే నాలుక కొరుక్కోకుండా నా వేలు అడ్డం పెట్టాను. ఆ మచ్చ ఇంకా ఉంది. ఐదు నెలలు చుక్కచుక్కగా దించాను. సున్నాకు వచ్చాక ఇప్పటికి రెండేళ్ళు దాటింది. ముప్పై ఏళ్ళ నా ఉద్యోగంలో చూపించుకోవడానికి ఎవరైనా ఉన్నారంటే ఈ పిల్లే. అందుకే అంత కోపం వచ్చింది.

పొద్దున్న వచ్చి అంకె రాయకుండా గడపలో నిలబడింది.

"అప్పా, నాను ముట్టలేదు. మిన్ను మీద ఒట్టు."

మిన్ను దాని కూతురు. ఆరో ఏడు నడుస్తోంది, ఒడ్డున హాస్టల్లో ఉంటుంది.

"పిల్ల మీద ఒట్టు పెట్టకు. పిల్లల మీద ఒట్లు ఈ గదిలో చాలా విన్నాను."

"మరి నా ఒంట్లోకి ఎలాగొచ్చినాది?"

"అది నువ్వు చెప్పాలి."

"నాకు తెలీదప్పా. నాను తీసుకోలేదు."

"అందరూ అదే అంటారు" అన్నాను.

కిందికి వంగి నా కాళ్ళు పట్టుకుంది. వెనక్కి జరిగాను. మత్తుకు అలవాటు పడ్డవాళ్ళ మాట నీళ్ళ మీద రాత అని నాకు నేర్పారు, నేనూ ఎందరికో నేర్పాను. లేచి కళ్ళు తుడుచుకుని, తలుపు మీద ముప్పై తొమ్మిది రాసి వెళ్ళిపోయింది.

33

సరుకు ఎలా వస్తోందో కనిపెట్టాలని జైలంతా తలకిందులు చేస్తున్నారు. మోకులు విప్పి చూశారు, పరుపులు చింపారు. నీటికాకుల కాళ్ళకు కట్టి పంపుతున్నారని ఒక వార్డరుకి అనుమానం వచ్చింది. రెండు కాకుల్ని పట్టుకుని వాసన పట్టే గుమ్మంలోంచి నడిపించారు. అవి వార్డరును పొడిచాయి గాని ఏ నేరమూ ఒప్పుకోలేదు.

ములాఖత్తులు ఆపేశారు. మిన్ను వచ్చేవారం రావలసింది, రాదు. ఉత్తరాల కాగితాన్ని మందులో నానబెట్టి పంపుతారని ఎక్కడో విని, వచ్చిన ఉత్తరాన్ని తెర మీద చూపించి కాగితం కాల్చెయ్యమన్నారు. కాల్చే పొయ్యి ఉన్నది నా గదిలో. కాబట్టి కాల్చేది నేనే.

మిన్ను మూడు నెలలకోసారి తన పాదం కాగితం మీద పెట్టి చుట్టూ గీసి పంపుతుంది. గోస్తని ఆ గీతను జానతో కొలిచి పిల్ల ఎంత ఎదిగిందో చూసుకుంటుంది. ఈసారిది తెర మీద చిన్నది చేసి చూపించారు. "అసలు ఎంతుంటాదో సెప్పండి" అని అడిగితే వార్డరు కసురుకుందట.

ఆ కాగితం నా చేతికొచ్చింది. పొయ్యిలో వేసేముందు దాని మీద నా చెయ్యి పరిచి చూశాను. మణికట్టు గీత దగ్గర మడమ, నా మధ్యవేలి కొస దగ్గర దాని బొటనవేలు. సరిగ్గా సరిపోయింది. తర్వాత కాల్చాను. ఆ మాట గోస్తనికి చెబితే ఏం పోయేది? అబద్ధమాడిందని కోపం, అంతే.

26

రెండు రోజుల సెలవు మీద ఒడ్డుకు వచ్చాను. చెల్లెలు పైడిరాజు ఇల్లు కొండ సగంలో ఉంది, సముద్రం ఇంకా అక్కడిదాకా రాలేదు.

నిన్న మధ్యాహ్నం నుంచి ఒకటే ఆవలింతలు. కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు. ఎండలో కూర్చున్నా ఒళ్ళు గగుర్పొడుస్తోంది. పిక్కలు పట్టేస్తున్నాయి. మోకాలు నొప్పి పాత బాకీ వసూలుకు వచ్చినట్టు తిరిగొచ్చింది. పైడిరాజు మిరియాల కషాయం పెట్టి, "జలుబే అప్పా, నీళ్ళ మీద బతుకు గదా" అంది.

అవును జలుబే అన్నాను. అంటూనే నాకు తెలిసిపోయింది. ఇదే వరసలో, ఇవే గుర్తులు, రెండున్నరేళ్ళ కిందట గోస్తని చీటీలో నా చేత్తో రాశాను.

నేను ఏ చుక్కా తీసుకోలేదు. ఎవరైనా అడిగితే పైడిరాజు మీద ఒట్టు పెట్టేదాన్ని.

ఆ ముప్పై మందిలో ఏమీ కనబడని పదకొండు మంది పేర్లు గుర్తు చేసుకున్నాను. అందరూ చక్కెర జబ్బు వాళ్ళు, పొద్దున్న ఎండు రొట్టె తినేవాళ్ళు. తరవాణి తాగరు. ఆ పదకొండు పేర్లూ రెండు వారాలుగా నా బల్ల మీదే ఉన్నాయి. చదవలేదు.

25

పడవ దిగి నేరుగా వంటశాలకు వెళ్ళాను. ముందు రెండు గ్లాసులు తాగాను. తాగాక పరీక్ష పట్టీ కుండలో ముంచాను. ఈ వరస తిప్పి రాద్దామని కలం ఎత్తాను గాని, ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఇక నాకు నిజం చెప్పుకునే చోటు మిగలదు. ముందు తాగాను. పట్టీ నీలమైంది.

మందుల గదికొచ్చి మేత పొడి సంచీ తిప్పి చూశాను. కింద చీమ తలకాయంత అక్షరాలు. మొదటి మాటే 'ఎండు నాచు'. మేము కోసి, ఎండబెట్టి ఒడ్డుకు పంపే నాచునే పొడి చేసి, సంచుల్లో కుట్టి, మేత అని మాకే పంపుతున్నారు. ఏడేళ్ళుగా ఆ సంచులు చింపుతున్నాను, ఒక్కసారీ చదవలేదు. గున్నమ్మ నాచు గంజి పోసిన ప్రతి పొద్దునా నేనిచ్చిన చెంచాడు తోడుకు మేత వేస్తూ వచ్చింది.

నూట ముప్పై మందికి పైగా. నెలా ఐదారు రోజులు. కంచే చేను మేసిందంటారు. ఈ కంచె చేలో విషపు విత్తనమే చల్లింది.

పన్నెండింటికి దస్త్రం ముందు నిలబడ్డాను. "మామూలే" అని చెప్పాను.

22

నా ఉపాయం ఇది: కుండను ఒక్కసారి పగలగొడితే అందరూ ఒకేసారి పడిపోతారు. కాబట్టి ఎవరికీ తెలియకుండా రోజూ నీళ్ళు కలిపి పలచన చేస్తే సరి, అందరూ తెలియకుండానే సున్నాకు వస్తారు. ఎవరికీ ఏమీ కాదు. నాకు అసలే కాదు.

మూడు రోజులుగా పోస్తున్నాను. పొద్దుటిపూట పలచబడ్డట్టే ఉంటుంది, సాయంత్రానికి గంజి పడగానే మళ్ళీ పుంజుకుంటుంది. పైగా గ్లాసు పలచన అయ్యిందని ఇద్దరు కొట్టుకున్నారు, ఒకామె నుదురు చిట్లింది. కుట్లు వేసింది నేనే.

ఇవాళ గున్నమ్మ వెనక నిలబడి చూస్తోంది.

"నీళ్ళేల పోత్తన్నావు కంపోండరమ్మా?"

"పులుపెక్కువైంది."

"ఎక్కువైంది పులుపు కాదు గదా."

నా చేతిలో చెంబు ఆగిపోయింది. "ఎప్పటి నుంచి తెలుసు?"

"మూడోనాటి నుంచి. ముప్పయ్యేళ్ళ నడుం నొప్పి తరవాణి తాగితే పోద్దేటి? నాకు తెలీదేటి?"

"మరి చెప్పలేదేం?"

గున్నమ్మ నా వంక వింతగా చూసింది. "నువ్వే ఇచ్చినావు గదా. మా బాధ సూడలేక, ఎరిగే ఇచ్చినావనుకున్నాను. దేవతనుకున్నాను."

మందుల గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. తలుపు తీస్తే దాని మీద ఇరవై రెండు అని గోస్తని రాత.

15

విమలాదేవి గారు ఒక మాట చాటించారు. కమిటీ వచ్చేలోగా దొంగ దొరకాలి. తనంతట తాను ఒప్పుకుంటే ఆరు నెలలు అదనం, విచారణలో తేలితే మూడేళ్ళు. పంతొమ్మిది మందిలో పొడి కేసులో వచ్చింది గోస్తని ఒక్కతే. ఇక విచారణ ఎటు తేలుతుందో చిన్న పిల్లలకైనా తెలుసు.

ఇవాళ నన్ను ఆఫీసుకు పిలిచారు. బల్ల మీద కాగితం. మందుల గదిలోంచి చుక్కలు దొంగిలించి, బానలో నీళ్ళు కలిపి కొలత సరిచేసి, తోటివారికి పంచానని గోస్తని ఒప్పుకున్నట్టు రాసి ఉంది. కింద దాని సంతకం.

"ఏమ్మా, నీ అంతట నువ్వే చేశావు కదా?" అని విమలాదేవి గారు అడిగారు.

"అవునండి" అంది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా, "ఆరు నెల్లే గదా మేడం. మూడేళ్ళయితే మిన్ను నన్ను గుర్తు పట్టదు" అంది.

మేడం అంది.

"సాక్షి సంతకం మీరు పెట్టాలి నూకరత్నం గారూ. గది మీది" అన్నారు విమలాదేవి గారు. నోరు తెరిచాను. పక్కన వార్డరు ఉంది, గుమస్తా ఉన్నాడు, నా పింఛను ఉంది, పైడిరాజుకు నేను తప్ప ఎవరూ లేరన్న మాట ఉంది. నోరు మూసుకుని పెట్టాను. కోరాడ నూకరత్నం, కంపౌండరు. అక్షరాలు కుదురుగానే వచ్చాయి.

14

పొద్దున్న మందుల గది తలుపు మీద ఏమీ లేదు. పదిహేనుకు ఆరు నెలలు కలిపితే వంద దాటిపోతుంది, వంద దాటినవాళ్ళకు తలుపు మీద చోటు లేదు. వచ్చి చెరిపేసి వెళ్ళిందట. చెరిపిన చోట తడి గుడ్డ మరక ఇంకా ఆరలేదు.

పదకొండు గంటలకు విమలాదేవి గారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. చెంచాడు తోడు, నాచు గంజి, నా ఆవలింతలు, నీళ్ళ చెంబు, నిన్నటి సంతకం. ఆవిడ లేచి తలుపు వేశారు.

"ఇంకెవరికి తెలుసు?"

"గున్నమ్మకు."

"ఆవిడ మాట ఎవరు వింటారు. చూడండి, మీరు కావాలని చేసింది కాదు. ఆ కుండ తీసి సముద్రంలో పడేయించండి. నాలుగు రోజులు అందరికీ జ్వరాలని రాద్దాం. గోస్తని ఒప్పుకుంది, కేసు అయిపోయింది. ఆ అమ్మాయికి ఆరు నెలలు, మీకు నాలుగేళ్ళలో పింఛను, నాకు కమిటీ. దీన్ని తవ్వితే ఎవరికి లాభం చెప్పండి?"

ఆవిడ చెడ్డ మనిషి కాదు. నిన్నటిదాకా నేను నాకు చెప్పుకున్నవే ఆవిడ నాకు చెప్పారు. ఇంకొకరి నోట విన్నప్పుడు గాని అవి ఎంత నీచంగా ఉన్నాయో తెలియలేదు.

"ఆలోచిస్తానండి" అని వచ్చేశాను. పన్నెండయింది. దస్త్రం ముందు నిలబడ్డాను. మామూలే అన్న మాట అలవాటుగా నాలుక మీదికి వచ్చింది. మింగి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై నిమిషాలు పట్టింది. అది అన్నీ విని, ఎప్పటిలాగే 'పంపబడింది' అని చూపించింది.

9

మూడు రోజుల కిందట ఒడ్డు నుంచి అధికారులు వచ్చారు. గోస్తని కాగితం చించేశారు. నన్ను అరెస్టు చేశారు గాని ఆ కుండ బలం ఎంతో నాకు తప్ప ఎవరికీ తెలియదు కనుక, పక్కన వార్డరును పెట్టి దించే పని నాకే అప్పగించారు. బానలోని చుక్కలు ఇంతమందికి చాలవు. ఉన్న మార్గం ఆ కుండే. నాచు కలపడం ఆపించి, మిగిలినదాన్ని పట్టీతో కొలిచి, గ్లాసుల మీద గీతలు గీశాను. ఇవాళ ఇంత, రేపు ఒక గీత తక్కువ. ముప్పై ఐదు రోజుల గీతలు.

అందరికీ చెప్పాలి. భోజనాల హాల్లో నిలబడి చెప్పాను. ఎవరూ అరవలేదు, ఎవరూ కొట్టలేదు. వెనక నుంచి ఒకామె మాత్రం, "మానేసినామనుకున్నాం గదమ్మా" అంది. ఆ ఒక్క మాటే అంది.

కొందరికి వాంతులు, కొందరికి వణుకు. గున్నమ్మ మూడు రోజులుగా పడుకునే ఉంది. నేను గ్లాసు పట్టుకెళ్తే తాగుతుంది, నా మొహం చూడదు.

సాయంత్రం అధికారి ఒకాయన చెల్లాయమ్మ విషయం చెప్పాడు. విడుదలైన మూడో రోజుకు జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిందట, వాళ్ళు మాత్రలిచ్చి పంపేశారట. ఐదో రోజుకు ఓర్చుకోలేక బజారులో పాత మనిషి దగ్గర పొడి కొన్నది. నాలుగేళ్ళ తర్వాత పాత కొలతే తీసుకుంది. ఇంటికి చేరలేదు. నేను జలుబనుకున్నదాన్ని ఆమె జ్వరమనుకుంది. నాకు తిరిగిరావడానికి ఒక కుండ ఉంది, ఆమెకు లేదు. పడవ ఎక్కబోతూ ఆమె వంటశాలకు పరిగెత్తినప్పుడు నేనూ నవ్వాను.

0

ఇవాళ గోస్తని వెళ్ళిపోవలసిన రోజు. వెళ్ళలేదు. దించడం పూర్తయితే గాని ఎవరినీ వదలకూడదని ఉత్తర్వు. ఇంకో నెల.

పొద్దున్న వరసలో వచ్చింది. కళ్ళ కింద నలుపు, ముక్కు ఎర్రగా ఉంది. ఆ మొహం నేను ఇదివరకు ఒకసారి చూశాను, మళ్ళీ చూడనవసరం లేదనుకున్నాను. గీత వరకు పోసిచ్చాను. క్షమించమని అడుగుదామని పదిరోజులుగా మాటలు పేర్చుకుంటున్నాను. తాగకుండా గ్లాసు నా ముందు పెట్టి, "గీత కింద పోసినారు. ఇంకో సుక్క పడాల" అంది. వంగి చూశాను, నిజమే. పోశాను. తాగి వెళ్ళిపోయింది. పేర్చుకున్న మాటలు అక్కడే ఉండిపోయాయి.

1085

పదిరోజుల కిందట నాకు మూడేళ్ళు పడింది. ఈ తీరాన ఆడవాళ్ళకు జైలు ఇదొక్కటే కనుక ఇక్కడే ఉంచారు. పై అంకె నాది. తలుపు మీద రాసుకునే హక్కు రావడానికి ఇంకా చాలా ఉంది. విమలాదేవి గారిని బదిలీ చేశారు, ఫలకం రాలేదు. తరవాణి కుండ పగలగొట్టి, ఒడ్డు నుంచి ఎవరింటి తోడో తెప్పించి గున్నమ్మ కొత్తది పెట్టింది. నేను తాగను. ఎండు రొట్టె తింటున్నాను. మోకాలు నొప్పిగా ఉంది.

నాచు మోకుల దగ్గర పని. ఇవాళ పదింటికి పడవ వచ్చింది. గోస్తని మూట పట్టుకుని రేవు దాకా వెళ్ళి, వార్డరుతో ఏదో చెప్పి, మోకుల వైపు నడిచి వచ్చింది. చేతులు తుడుచుకుని లేచి నిలబడ్డాను.

"మిన్ను పాదం మీరే గదా కాల్సినారు."

"నేనే."

"ఎంతుండేది? ఒడ్డున సెప్పులు కొనాల. ఉట్టి సేతులతో ఎలాగెల్తాను."

కుడి అరచెయ్యి చాపి చూపించాను. మణికట్టు గీత దగ్గర మడమ, మధ్యవేలి కొస దగ్గర బొటనవేలు. "సరిగ్గా ఇంత. కాల్చేముందు పెట్టి చూశాను. ఇది నిజం."

నా చేతి వంక, తర్వాత నా మొహం వంక చూసింది. తొందరపడలేదు.

"అందరూ అదే అంటారు" అంది.

నేను చెయ్యి దించలేదు. గోస్తని వంగి, నా కాళ్ళ దగ్గర పడున్న మోకు పోగు ఒకటి తీసి, నా మణికట్టు గీత మీద ఒక కొస ఆనించి, మధ్యవేలి కొసదాకా లాగి, అక్కడ పళ్ళతో తెంపింది. ఆ ముక్కను కొంగున ముడేసుకుని పడవ ఎక్కింది.